శ్రీదత్ రాంఫాల్ దౌత్యము – కరిబియన్ ఏకీకరణ చరిత్ర: ఒక పునర్విమర్శ

కరిబియన్ దేశముల ఏకీకరణమును గూర్చి వ్రాసినవారిలో ప్రముఖులు అర్థశాస్త్రజ్ఞులగుటచే, ఆ చరిత్రయంతయు చక్కెర ధరలకును సుంకముల పట్టికలకును సంబంధించిన వృత్తాంతముగా పరిణమించి, సంధిపత్రములను రచించినవారును, భిన్నమనస్కులైన పాలకులను ఒక్కచోట గూర్చినవారును అధోజ్ఞాపికలలో మిగిలిపోయిరి. 1967లో హావ్‌లాక్ బ్రూస్టర్, క్లైవ్ థామస్ అను ఇరువురు ప్రకటించిన గ్రంథము ఈ సంప్రదాయమునకు మూలకందము. సుంకములు తొలగినంతమాత్రమున చిన్నదేశములు ఒక్కటి కాజాలవనియు, ఉత్పత్తివ్యవస్థనే ఏకము చేయవలెననియు వారు చేసిన ప్రతిపాదనలో పూర్వభాగము నిస్సంశయముగా సత్యము. ఉత్తరభాగమే నాకు సమ్మతము కాదు. ఏలయన, ఏ దేశపు గనిలోని బాక్సైటు ఏ దేశపు కర్మాగారమునకు పోవలెనో నిర్ణయించుటకు ముందు, ఆ నిర్ణయమునకు కట్టుబడు ప్రభుత్వములు పరస్పరము విశ్వసింపవలెను గదా! ఆ విశ్వాసమును కల్పించుట దౌత్యవేత్త పని. ఈ పనిని గయానా దౌత్యవేత్త శ్రీదత్ రాంఫాల్ జీవితమున చూచినంత స్పష్టముగా మరియొకచోట చూడలేము.

1928లో నాటి బ్రిటిష్ గయానాలోని న్యూ ఆమ్‌స్టర్‌డాములో, ఒడంబడిక కూలీలుగా వలసపోయిన భారతీయుల వంశమున జన్మించిన రాంఫాల్, లండనులో న్యాయశాస్త్రము నభ్యసించి, 1958లో ఏర్పడిన వెస్టిండీస్ సమాఖ్యకు శాసనముల ముసాయిదాలు వ్రాయు ఉద్యోగిగా చేరి, అనంతరము దానికి సహాయ అటార్నీ జనరల్ అయ్యెను. ఆయన స్వదేశమో, ఆ సమాఖ్యలో చేరనే లేదు! తన దేశము వెలుపల నిలిచిన కూటమికి శాసనములు రచించి, 1961 సెప్టెంబరులో జమైకా ప్రజలు దానిని త్రోసిపుచ్చుటయు, ట్రినిడాడ్ వెంటనే వైదొలగుటయు, 1962 మే 31న అది రద్దగుటయు కన్నులార జూచిన అనుభవము సామాన్యమైనది కాదు. సార్వభౌమత్వమును అడిగినచో ఏ దీవియు ఇయ్యదనియు, దానిని వారివారికే విడిచి పనులను మాత్రము కలిపి చేయింపవచ్చుననియు ఆయన గ్రహించినది ఆ శిథిలములలోనేయని నా నిశ్చయము.

1973 జూలై 4న చాగ్వారామస్‌లో బార్బడోస్, గయానా, జమైకా, ట్రినిడాడ్–టొబాగోలు సంతకము చేసిన సంధిని ఈ దృష్టితో చదువవలెను. అందు కరిబియన్ సమాజము వేరు, ఉమ్మడివిపణి వేరు. విపణి అనుబంధమున ఒదిగియుండగా, విదేశాంగనీతి సమన్వయమునకు సమాజవిధులలో స్థానము లభించినది. సంధికి ముందే, 1972 డిసెంబరు 8న, ఆ నాలుగు దేశములును ఏకకాలమున క్యూబాతో దౌత్యసంబంధములను నెలకొల్పినవి. సుంకముతో గాని చక్కెరతో గాని ఈ చర్యకు సంబంధము లేదు. అమెరికా అప్రీతిని లెక్కింపక నలుగురు కలిసి వేసిన అడుగిది.

మరియు లోమే ఉదంతము. 1973 జనవరిలో బ్రిటన్ ఐరోపా ఆర్థికసమాజమున చేరుటతో, 1974 చివర ముగియనున్న కామన్వెల్తు చక్కెర ఒడంబడికపై బ్రదుకుచున్న దేశములకు ప్రాణసంకటము సంభవించెను. ఒక్కొక్కరుగా బ్రస్సెల్సునకు పోయియున్నచో వారి మొర నాలకించువా డుండడు. అట్లుగాక, కరిబియన్ పక్షమున వాదించిన ముఖ్యులలో ఒకడైన రాంఫాల్, తన ప్రాంతపు ఐకమత్యమును ఆఫ్రికా, పసిఫిక్ దేశముల ఐకమత్యముతో జోడించుటకు పాటుపడెను. 1975 ఫిబ్రవరి 28న లోమేలో 46 రాజ్యములు సంతకము చేసిన ఒడంబడికలో, ఐరోపా ఇచ్చిన వాణిజ్యసదుపాయములకు బదులుగా అట్టి సదుపాయములనే తిరిగి ఇయ్యనక్కరలేదను సూత్రము నెగ్గెను. ఐరోపా సమాజము ఆఫ్రికా దేశములతో పూర్వము చేసికొన్న యావుండే ఒడంబడికలలో ఇది లేదు. అదే సంవత్సరము జూన్‌లో ఆఫ్రికా, కరిబియన్, పసిఫిక్ దేశముల ఆ కూటమికి శాశ్వతరూపమిచ్చిన ఒప్పందము కుదిరినది ఆయన దేశపు రాజధానియైన జార్జ్‌టౌనులోనే. చక్కెర చర్చలలో జమైకా మంత్రి ప్యాటర్సన్ పాత్రయు, ప్రాంతీయ కార్యాలయమును నడపిన విలియం డెమాస్ ఆర్థికమేధయు గణనీయములే.

కామన్వెల్తు ప్రధానకార్యదర్శిగా 15 సంవత్సరములు గడపి 1990లో పదవి వీడిన పిమ్మట ఆయన వెస్టిండియన్ కమిషనునకు అధ్యక్షత వహించెను. 1992నాటి దాని నివేదిక కోరిన కార్యనిర్వాహక సంఘమును ప్రభుత్వాధినేతలు నిరాకరించిరన్నది నిజము. కాని 1994లో కార్టహేనాలో ఏర్పడిన కరిబియన్ రాజ్యముల సంఘమును, 2005లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఆరంభమైన కరిబియన్ న్యాయస్థానమును ఆ నివేదిక త్రోవనే నడచినవి. దీనిని బట్టి చూడగా, కరిబియన్ ఏకీకరణమునకు నిజమైన కర్త సంధిని వ్రాయ నేర్చిన దౌత్యవేత్తయే యనియు, విపణి అతని వెంబడి వచ్చు పరివారమనియు తేలుచున్నది.

మదరాసు రేవునుండి డెమరారాకు పోయిన ఓడలలో తెలుగువారును ఉండిరి. కావున ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. ఇకమీద దీనిని చేపట్టు యువపరిశోధకులు ధరల పట్టికలను కొంతకాలము ప్రక్కనబెట్టి, 1972–75 సంవత్సరముల సంధిపత్రములను, ఉపన్యాసములను ముందుగా చదువవలెనని ప్రార్థించుచున్నాను.