పచ్చిక బయలు చదును

ఎగుడుదిగుడుగా మారిన పచ్చిక నేలను సమము చేసి, దానిపై తిరిగి గడ్డిని పెంచుటను పచ్చిక బయలు చదును అంటారు. విశాలమైన కళాశాల ఆవరణలకు, ఆటస్థలాలకు, తోటలకు ఈ పని అవసరమగుచుండును. కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో కొద్ది దూరములోనే నేల స్వభావము మారిపోవును. కనుక ఒకే పద్ధతి మూడుచోట్ల పనికిరాదు.

నేల స్వభావము

తెనాలి, రేపల్లె పరిసరాలలో నల్లని ఒండ్రు బంకమట్టి నేలలు ఎక్కువ. ఈ మట్టి తడిసినపుడు ఉబ్బును, వేసవిలో ఎండి నెర్రెలు విచ్చును. మిట్టపల్లములకు మూలము చాలావరకు ఇదే. పందికొక్కుల బొరియలు, కొట్టివేసిన చెట్ల వేళ్ళు కుళ్ళగా ఏర్పడు గుంతలు, వానాకాలములో బండ్లు తిరిగిన జాడలు దీనికి తోడగును. గుంతలలో నీరు నిలిచిన గడ్డి వేళ్ళు కుళ్ళును, దోమలు పెరుగును. ఆటస్థలమైతే ఆడువారికి కాలు బెణుకు ప్రమాదము కూడ ఉన్నది.

బాపట్ల వైపు తీరపు ఇసుక నేలలు కలవు. వీటిలో నీరు నిలువదు, ఎరువు సత్తువ కూడ నిలువదు. రేపల్లెకు దిగువన సముద్రమునకు చేరువగా ఉన్న భూములలో ఉప్పు మరొక చిక్కు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వంటివి వచ్చినపుడు ఉప్పునీరు పొలములపైకి చేరును. అటువంటి నేలను మంచినీటితో కడిగి, ఉప్పు దిగిన తరువాతనే గడ్డి వేయవలెను.

చదును చేయు విధము

చిన్న పల్లములను తవ్వనక్కరలేదు. మెత్తని మట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి ఒక సెంటీమీటరు మందమున చల్లి, గడ్డి పైకి వచ్చిన తరువాత మరల చల్లవలెను. ఒకేసారి మందముగా కప్పినచో క్రింది గడ్డి చచ్చును. మిట్ట ఉన్నచోట గడ్డిని చాపవలె కోసి ప్రక్కకు మడిచి, అదనపు మట్టి తీసి, తిరిగి పరచి తొక్కవలెను.

బయలంతయు పాడైనచో 15 నుండి 20 సెంటీమీటర్ల లోతు దున్నవలసినదే. తుంగగడ్డలను ఏరివేయుట ఇందులో అన్నిటికంటె విసుగు పుట్టించు పని. గడ్డలు మిగిలిపోయినచో కొత్త పచ్చికలో తుంగయే ముందు లేచును. నీరు పెట్టి, మొలచిన కలుపును రెండు పర్యాయములు తీసివేయుట మేలు. ఆ తడికి వదులు మట్టి కూడ అణగును. తరువాత మేకులు పాతి, దారము కట్టి, రసమట్టముతో మట్టము చూచి, నూరు మీటర్లకు ఒకటి లేక రెండు మీటర్ల వాలు ఉంచవలెను. పూర్తి సమతలము వాననీటికి దారి ఇవ్వదు.

బంకనేలను నడివేసవిలో, నెర్రెలు విచ్చినపుడు చదును చేసినచో తొలకరికి మరల మిట్టలు తేలును. బురదగా ఉన్నపుడు రోలరు దొర్లించినచో మట్టి గట్టిపడి వేళ్ళకు గాలి ఆడదు. బంకమట్టిపై పలుచగా ఇసుక పొర వేయుట కూడ పొరపాటే. నీరు ఆ రెండు పొరల నడుమ ఆగిపోవును. బాపట్ల ఇసుకనేలలో దీనికి విరుద్ధముగా చెరువు మట్టి, పశువుల ఎరువు కలుపవలెను.

గడ్డి, విత్తుట

ఈ ప్రాంతమునకు అనువైనది గరిక (సైనోడాన్ డాక్టిలాన్). వినాయకుని పూజలో వాడునది ఇదే. ఎండను, కొంత ఉప్పును తట్టుకొనును, కాని నీడలో పెరుగదు. దీని గింజ మిక్కిలి చిన్నది. చదరపు మీటరుకు 5 నుండి 10 గ్రాములు చాలును. సమముగా పడుటకు గింజలను ఇసుకతో కలిపి, సగము నిలువుగా, సగము అడ్డముగా చల్లుదురు. అర సెంటీమీటరు కంటె లోతుగా కప్పరాదు. ఒకటి నుండి మూడు వారములలో మొలకెత్తును.

విత్తనమునకు బదులు వేరున్న గరిక తీగలను జానెడు కంటె తక్కువ ఎడముతో నాటుట మన ప్రాంతములలో ఎక్కువ వాడుక. త్వరగా కప్పవలెనన్న, తరిగిన గరికను పేడ, మట్టి, నీళ్ళతో ముద్దగా కలిపి తడి నేలపై పూయుదురు.

జూన్, జూలై నెలలు ఇందుకు అనుకూలము. అక్టోబరు, నవంబరులలో తుఫాను వానలకు గింజలు కొట్టుకొనిపోవచ్చును. మొలకలు నిలుచువరకు సన్నని జల్లుతో తడపవలెను. గడ్డి రెండు అంగుళములు దాటిన తరువాత మొదటి కోత కోయుదురు, అదియు మూడవ వంతుకు మించకుండ.