కొండ సొమ్ము, సర్కారు పద్దు

తిరుపతిలో ఉన్నత విద్యకు తొలి పెట్టుబడి చాలావరకు ఖజానాది కాదు, కొండది. 1945లో తిరుమల తిరుపతి దేవస్థానమే శ్రీ వేంకటేశ్వర కళాశాల తెరిచింది. 1954లో ఆంధ్ర రాష్ట్రం విశ్వవిద్యాలయం పెట్టినప్పుడూ దేవస్థానం భూమి ఇచ్చింది. హుండీ ఉండగా యూనివర్సిటీ కష్టాలకు సర్కారు గ్రాంటు దేనికని కొందరి వాదన. అందులో పస తక్కువ. విరాళం ఒక్కసారి గోడ కడుతుంది. జీతాలూ పెన్షన్లూ ఏటేటా అడుగుతాయి. అదే ఊళ్లో 1961లో మొదలైన సంస్కృత విద్యాపీఠం కేంద్రం నిధులతో నిలబడి, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఫీజుల మీద శాస్త్రాల చదువు బతకదని ఢిల్లీ ఒప్పుకున్నట్టే కదా! గ్రాంటు వెంట అజమాయిషీ వస్తుందన్న భయం నిజమే, కానీ జీతాలందని శాఖకు స్వేచ్ఛ ఏపాటి? రాష్ట్రానికీ ఇదే లెక్క: 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని పెట్టింది రాష్ట్ర ప్రభుత్వమే. దాని జీతాల పద్దు కూడా ఆ ప్రభుత్వానిదే.