బళ్ళారి ఉత్తరంలో రెండు పేరాలు

మా డిగ్రీ కాలేజీలో చరిత్ర విద్యార్థులకి ఒకసారి చిన్న పరీక్ష పెట్టాను. క్లాసుని రెండుగా విడదీసి ఒక్కో సగానికి ఒక్కో పేరా ఇచ్చాను. ఎవరు, ఎప్పుడు రాశారో చెప్పలేదు. రాసినవాడు ఎలాంటివాడో ఊహించమన్నాను.

మొదటి పేరా సారాంశం: ఈ జిల్లాలో బళ్ళు క్షీణించడానికి కారణం జనం పేదలైపోవడం. విదేశీ బట్టలొచ్చి ఇక్కడి నేతపని దెబ్బతింది. చదివినవాళ్ళంతా, "జాతీయోద్యమం నాటి నాయకుడెవరో సార్" అన్నారు. రెండో పేరా సారాంశం: ఇక్కడి బళ్ళలో పిల్లలు వాడుకలో లేని భాషలో పద్యాలు బట్టీ పడతారు. అర్థం మాత్రం మాటలు నేర్చిన చిలక్కి తెలిసినంతే తెలుస్తుంది. "మెకాలే లాంటి దొర" అన్నారు ఇటు సగం.

రెండూ ఒకే ఉత్తరంలోవి. 1823 ఆగస్టు 17న బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకి రాసింది. ఏడేళ్ళ ముందే తెలుగు వ్యాకరణం అచ్చేసిన మనిషి. ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా అప్పుడు ఆ జిల్లాలోదే. బళ్ళ వివరాలు పంపమని 1822లో గవర్నర్ థామస్ మన్రో కలెక్టర్లందరినీ అడిగితే, దానికి జవాబు ఇది.

ఈ ఉత్తరం చాలా దూరం ప్రయాణించింది. మన అక్షరాస్యత వందేళ్ళ కిందటికన్నా తగ్గిందని 1931లో గాంధీ లండన్‌లో అంటే, ఆధారం చూపమని ఫిలిప్ హార్టాగ్ పట్టుబట్టాడు. ఆ వాదన కోసమే ధరంపాల్ పాత రికార్డులు తవ్వి 1983లో 'ది బ్యూటిఫుల్ ట్రీ' తెచ్చాడు. కలెక్టర్ల జవాబులు ఆ పుస్తకం చివర అచ్చయ్యాయి. కానీ అక్కడిదాకా వెళ్ళేదెవరు?

నేనూ వెళ్ళలేదు. చాలా ఏళ్ళు మొదటి పేరా ఒక్కటే చెప్పాను, అదీ ఎవరి వ్యాసంలోంచో ఎత్తుకుని. ఆ వ్యాసంలో ఫుట్‌నోట్ సరిగ్గానే ఉంది. మాటలూ క్యాంప్‌బెల్‌వే. దొంగ కొటేషన్ని పట్టుకోవడం పిల్లలకి సులువుగానే నేర్పొచ్చు. నిజమైన కొటేషన్ని కూడా నమ్మకుండా, దాని ముందూ వెనకా ఏముందో చూడమని నేర్పడం కష్టం. నాకే ఆ అలవాటు ఆలస్యంగా వచ్చింది.

తర్వాతి వారం అంకెలు పట్టుకొచ్చాను. బళ్ళారి జనాభా 9,27,857. బళ్ళు 533, విద్యార్థులు 6,641. మొత్తం ప్రెసిడెన్సీలో జనాభా 1,28,50,941, విద్యార్థులు 1,88,650. వెనక బెంచీ అమ్మాయి ఫోన్లో లెక్కవేసి, "బళ్ళారిలో వెయ్యికి ఏడుగురే, ప్రెసిడెన్సీలో దాదాపు పదిహేను. సార్, సగం కూడా లేని జిల్లాని పట్టుకుని దేశం గురించి ఎలా మాట్లాడారు?" అంది. కలెక్టర్లలో కొందరు అంకెలు పంపి ఊరుకున్నారు, క్యాంప్‌బెల్ వివరంగా రాశాడు. బాగా రాసినవాడి జిల్లాయే దేశమైపోయింది.

ఇంకో అబ్బాయి, ఇళ్ళలో చదువుకున్నవాళ్ళ మాటేమిటన్నాడు. మద్రాసు నగరంలో అలాంటివాళ్ళు 26,963 అని లెక్క వచ్చింది, బళ్ళలో చదివేవాళ్ళకి అయిదు రెట్లు! ఆ అంకెలో ఏదో పొరపాటుందని మన్రోయే అనుమానించాడు. తెప్పించుకున్నవాడే నమ్మలేదన్నమాట.

సెమిస్టర్ చివర వ్యాసాలు దిద్దుతుంటే అదే అమ్మాయి పేపరు దొరికింది. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మందే. ఉత్తరం వాళ్ళ గురించి అందరూ హిందువులే అని తప్ప పెద్దగా చెప్పదు. ఇంగ్లండు బట్టల గురించి, చిలకల గురించి వాదించుకున్నవాళ్ళని చదివాం గానీ, ఈ అరవై మంది ఏ ఊళ్ళవాళ్ళో, ఏం చదివారో అడిగినవాళ్ళు తన కంటబడలేదని రాసింది. వెతకడానికి ఎక్కడికెళ్ళాలి సార్ అని కింద ఒక ప్రశ్న.

మార్కులు వేయకుండా, చెన్నై ఎగ్మోర్‌లో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉందని రాసి పేపరు తిరిగిచ్చాను.