తూర్పు నుంచి వచ్చినవాళ్ళు

మా అబ్బాయి ఎలిమెంటరీ స్కూల్లో ఉన్న రోజుల్లో, మేము వెళ్ళే చర్చిలో ప్రతి డిసెంబరులో పిల్లలతో క్రిస్మస్ నాటకం వేయించేవారు. మూడేళ్ళు వరసగా మావాడికి రాజు వేషమే ఇచ్చారు. తలకి చుట్టడానికి వాళ్ళ అమ్మ పట్టు కండువా, చేతిలో అగరుబత్తుల డబ్బా. యోసేపు వేషం మాత్రం ఎప్పుడూ పక్కవీధి పిల్లవాడిదే. మూడో ఏడు మావాడు, "నాన్నా, నేను ఎప్పుడూ దూరం నుంచి వచ్చినవాడినేనా?" అని అడిగాడు. వాడు పుట్టింది ఆ ఊళ్ళోనే. నా దగ్గర సమాధానం లేదు. కొంచెం కోపం కూడా వచ్చింది. ఆ కోపంతోనే ఈ రాజుల కథ వెతకడం మొదలుపెట్టాను.

క్రిస్మస్ అంటే మనలో చాలామందికి డిసెంబరు 25 ఒక్కటే. కాని కథోలికులకు ఆ పండుగ అక్కడితో అయిపోదు. జనవరి 6న మరొక పెద్ద పండుగ ఉంది. గ్రీకులో దాని పేరు ఎపిఫనీ, అంటే ప్రత్యక్షం కావడం. మన తెలుగు కథోలికులు దీన్ని సాక్షాత్కార పండుగ అంటారు. ఈ పేరు పెట్టినవారెవరో గాని చేతులెత్తి నమస్కరించాలి. దేవుడు భక్తుడికి కనబడటాన్ని ఏ మాటతో చెప్పుకుంటామో ఆ మాటనే తీసుకున్నారు, తెలుగువాడికి వేరే వివరణ అక్కరలేదు. అమెరికాలో, మన దేశంలో కూడా ఇప్పుడు దీన్ని దగ్గరి ఆదివారానికి జరిపారు. ఇటలీ, స్పెయిన్ దేశాలలో మాత్రం 6వ తేదీనాడే సెలవు.

వయసులో ఇది క్రిస్మస్ కంటే పెద్దది కావచ్చు. డిసెంబరు 25న యేసు జననాన్ని గుర్తించిన తొలి ఆధారం 4వ శతాబ్ది రోము నగరానిది. అంతకు ముందే, 200వ సంవత్సరం ప్రాంతంలో, ఈజిప్టులో ఒక వర్గం వారు జనవరి మొదట్లో యేసు జ్ఞానస్నానం పండుగ చేసుకునేవారని అలెగ్జాండ్రియా క్లెమెంట్ రాశాడు. 361లో చక్రవర్తి కాబోతున్న జూలియన్, లోలోపల క్రైస్తవం వదిలేసి కూడా, జనం కళ్ళు కప్పడానికి గాల్ దేశంలో ఈ పండుగనాడు చర్చికి వెళ్ళి మొక్కి వచ్చాడట. కళ్ళు కప్పడానికి ఆ రోజునే ఎంచుకున్నాడంటే అప్పటికే అది ఎంత పెద్ద పండుగో ఊహించుకోవచ్చు. తూర్పు సంఘాలు నేటికీ ఆ రోజున యొర్దాను నదిలో జ్ఞానస్నానాన్నే ముఖ్యంగా తలుచుకుంటాయి. ఆర్మేనియావారు ఆనాడే క్రిస్మస్ కూడా చేసుకుంటారు. మన కేరళ సిరియన్ క్రైస్తవులకు ఇది 'దెనహా', అంటే ఉదయం. కొన్నిచోట్ల ఆ రాత్రి స్నానాలు చేస్తారు, కొన్నిచోట్ల ఇంటి ముందు అరటిబోదె పాతి దానిమీద దీపాలు పెడతారు. రోము సంప్రదాయంలో మాత్రం తూర్పు నుంచి వచ్చిన జ్ఞానుల కథే ముందుకు వచ్చింది.

ఆ కథ మత్తయి సువార్తలో తప్ప మరెక్కడా లేదు. ఉన్నది కూడా పన్నెండు వచనాలే. అందులో రాజులు అన్న మాట లేదు, ముగ్గురు అనీ లేదు, ఒంటెలూ లేవు, పేర్లూ లేవు. 'మాగోయ్' అన్నాడంతే. అంటే నక్షత్రాలు చూసి చెప్పే పారశీక పురోహితుల వంటివారు. కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురై ఉంటారని తరువాతివారు లెక్క వేసుకున్నారు. రోము భూగర్భ సమాధుల గోడలమీద ఒకచోట ఇద్దరు, ఒకచోట నలుగురు కనిపిస్తారు. సిరియా సంప్రదాయంలో పన్నెండుమంది. కీర్తనల్లో రాజులు కానుకలు తెస్తారని ఉంది కనుక వీరికి కిరీటాలు వచ్చాయి, యెషయా గ్రంథం నుంచి ఒంటెలు వచ్చాయి. బంగారం రాజుకు, సాంబ్రాణి దేవునికి, బోళం మరణించబోయే మనిషికి అని 2వ శతాబ్దిలోనే పెద్దలు అర్థం చెప్పారు. బోళం మన నాటువైద్యులు ఎరిగిన సరుకే. పురిటింటికి వస్తూ మందు తెచ్చారనుకున్నా తప్పేమీ లేదని నాకనిపిస్తుంది, శాస్త్రులు ఒప్పుకోకపోవచ్చు.

అయితే మత్తయి చెప్పదలచుకున్నది కానుకల సంగతి కాదు. హేరోదు దగ్గర గ్రంథాలు తెలిసిన పండితులున్నారు. రక్షకుడు ఎక్కడ పుడతాడో అడగ్గానే బెత్లెహేము అని చెప్పారు. కాని ఆరేడు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊరికి వారిలో ఒక్కరూ కదలలేదు. వెళ్ళినవారు పరాయి దేశస్థులు, పరాయి మతస్థులు. దేవుడు ఒక జాతికి మాత్రమే కాక అందరికీ కనబడ్డాడన్నదే ఈ పండుగకు కథోలిక సంఘం చెప్పుకునే అర్థం. 5వ శతాబ్దిలో లియో పోపు ఈ పండుగనాడు చేసిన ప్రసంగాలు ఈ మాట చుట్టూనే తిరుగుతాయి.

ఈ పరాయివాళ్ళే ఒకసారి ఆ ఊరి గుడిని కాపాడారని ఒక కథ ఉంది. 614లో పారశీక సైన్యం పాలస్తీనా మీద పడి చర్చిలను తగలబెట్టుకుంటూ వచ్చింది. బెత్లెహేము చర్చి ముందు ఆగిపోయింది. అక్కడ గోడమీద రంగురాళ్ళతో కూర్చిన చిత్రంలో జ్ఞానులు అచ్చం తమలాగే, పారశీక దుస్తుల్లో ఉన్నారు. వాళ్ళను తమ పూర్వీకులుగా భావించి సైనికులు చేయి ఎత్తలేదట. 9వ శతాబ్ది నాటి ఒక లేఖలో ఇది రాశారు. నిజమెంతో గాని ఆ చర్చి మాత్రం నేటికీ నిలిచి ఉంది.

పేర్లు తరువాత వచ్చాయి: గాస్పర్, మెల్కియోర్, బల్తజార్. ఇటలీలో రవెన్నా పట్టణపు చర్చి గోడమీద 6వ శతాబ్ది చిత్రం పైన ఇవి కనిపిస్తాయి. వీటిలో గాస్పర్ మనకు దగ్గరివాడు. 1వ శతాబ్దిలో తక్షశిల ప్రాంతాన్ని ఏలిన గొండొఫరెస్ అనే రాజు పేరే నోళ్ళలో నలిగి గాస్పర్ అయిందని కొందరు పండితుల ఊహ. తోమా అపోస్తలుడు కట్టిన రాజభవనం కథలో వచ్చే రాజు ఇతడే. 19వ శతాబ్దిలో అతని నాణేలు దొరికేదాకా అది కట్టుకథలో పేరనే అనుకున్నారు. 15వ శతాబ్దినుంచి యూరపు చిత్రకారులు ఒక రాజును నల్లజాతివాడిగా వేయడం అలవాటు చేసుకున్నారు. ప్రపంచం ఎంత పెద్దదిగా తెలిస్తే ఆ ముగ్గురూ అంత దూరం నుంచి వచ్చినవారయ్యారు.

వారి అస్థికలని నమ్మినవి మిలాన్ నగరంలో ఉండేవి. 1164లో జర్మనీవారు వాటిని కొలోనుకు తీసుకుపోయారు. వాటికోసం 1248లో మొదలుపెట్టిన మహాలయం 1880కి గాని పూర్తి కాలేదు. ఆ మిలాన్ నుంచే 1855లో హైదరాబాదు మిషనుకు గురువులు వచ్చారు. బెజవాడలో గుణదల మాత కొండకు శ్రీకారం చుట్టినదీ వారే.

గోవాలో ఈ పండుగ చూడాలి. మాండోవి ఒడ్డున ఒక ఊరికి, కోటకి, చర్చికి కూడా 'రీస్ మాగోస్' అనే పేరు, అంటే జ్ఞానరాజులు. కన్సౌలిం దగ్గర మూడు గ్రామాలనుంచి ముగ్గురు కుర్రవాళ్ళు కిరీటాలతో గుర్రాలెక్కి కొండమీది గుడికి వెళతారు. రాజు ఏ ఊరివాడు, యోసేపు ఏ ఊరివాడు అన్న పేచీ అక్కడ లేదు. ముగ్గురూ ఊరివాళ్ళే. ఇది చెబితే మావాడు, "అయితే గుర్రం ఇస్తారా?" అన్నాడు.

నాలుగో ఏడు వాడికి గొర్రెలకాపరి వేషం వచ్చింది, తనకి రాజు వేషమే కావాలని పేచీ పెట్టాడు.

పండుగ రోజున దీవించిన సుద్దముక్కతో గుమ్మం పైన ఆ ఏటి అంకెలు, మధ్యలో ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలు రాయడం జర్మనీ, పోలండు వారి ఆచారం. ఈ ఇంటిని క్రీస్తు దీవించుగాక అనే లాటిన్ మాటలకూ అవే మొదటి అక్షరాలు. మా చర్చిలో కూడా సుద్దముక్కలు పంచుతారు. మా అత్తగారు గుంటూరు జిల్లానుంచి వచ్చిన సంవత్సరం, నేను కుర్చీ ఎక్కి రాస్తుంటే కిందనుంచి కాసేపు చూసింది.

"అంత పైన రాస్తే ఎవరికి కనపడుతుందయ్యా? గడప ముందు వెయ్యాలి గాని," అని ఆ సుద్దముక్క నా చేతిలోంచి తీసుకుని, మంచు ఊడ్చిన సిమెంటు మెట్టుమీద చుక్కలు పెట్టి నక్షత్రం ముగ్గు వేసింది.