మార్కాపురపు పలకరాయి: నీరు, నిప్పు, కాలము

ఆంధ్రదేశమున పెక్కు తరములవారు ఓనమాలు దిద్దినది నల్లని రాతిపలక మీద. చుట్టును కొయ్యచట్రము, నడుమ నున్నని రాయి, చేతిలో బలపము. ఆనాటి పిల్లలకు ఇంతకు మించిన పరికరము లేదు. ఆ పలకలలో పెక్కింటికి పుట్టినిల్లు మార్కాపురము. పిల్లవాడు అక్షరము దిద్దుటకు పూర్వమే ఆ రాతిలో ప్రకృతి వ్రాసియుంచిన చరిత్ర యొకటి కలదు. దానిని మానవుడు చదువ నేర్చిన విధమును ఇచట ముచ్చటింతము.

శిలలు మూడు విధములు. భూగర్భమున కరగిన శిలాద్రవము చల్లారి గట్టిపడినవి అగ్నిశిలలు. ఎండకు, వానకు, గాలికి పాతరాళ్ళు చివికి, ఇసుకయు మట్టియు నై, నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకొని బిగిసినవి అవక్షేపశిలలు. ఈ రెండింటిలో ఏదైనను వేడికి, ఒత్తిడికి లోనై, కరగకుండగనే కొత్తరూపు దాల్చినచో అది రూపాంతరశిల. ఒకే పదార్థము కాలక్రమమున ఈ మూడు దశలయందును తిరుగవచ్చును.

ఈ మాట నేడు బడిపిల్లలకును తెలిసినదే గాని, 18వ శతాబ్దమున దీనిపై పెద్ద వాదము జరిగినది. జర్మనీలోని ఫ్రైబర్గు గనుల విద్యాలయమున బోధించిన వెర్నరు, గ్రానైటుతో సహా ప్రాచీనశిలలన్నియు ఆదిసముద్రపు నీటినుండి పేరుకొన్నవే యనెను. ఎడింబరో వాసి జేమ్సు హట్టను ఇందుకు సమ్మతింపలేదు. 1785లో అతడు స్కాట్లండునందలి గ్లెన్ టిల్టు లోయకు పోయి, ఎఱ్ఱని గ్రానైటు పాయలుగా చీలి ఇతరశిలల నడుమకు చొచ్చుకొనిపోయి యుండుట చూచెను. అట్లు చొచ్చినది ఒకప్పుడు కరగిన ద్రవమై యుండవలెను. చొచ్చినదాని కంటె చోటిచ్చినది ముందుగా ఉండితీరవలెను. శిలల వయస్సులను పోల్చుటకు ఈ చిన్న తర్కము గొప్ప కొలబద్ద యైనది.

మన సీమలో ఆ పనికి పూనుకొన్న వారిలో ముఖ్యుడు భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగు. 1872లో వెలువడిన తన గ్రంథమున కడప, కర్నూలు శిలాసమూహములను వర్ణించుచు, నల్లమల ప్రాంతపు పలకరాళ్ళకు అతడు కంభము పేరు పెట్టెను. నాడు కర్నూలు జిల్లాలోనిదైన ఆ ఊరు, మార్కాపురము, గిద్దలూరులతో పాటు 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చినది. జిల్లాల పేర్లు మారినను శిలలకు కింగు పెట్టిన పేరే సాగుచున్నది.

ఒకప్పుడు ఈ నేల సముద్రపు అడుగు. సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల కడప ద్రోణిలో ఇసుక, సున్నము, బురద వేల మీటర్ల మందమున పేరుకొన్నవి. అప్పటికి నేలపై గడ్డిపోచ లేదు, నీటిలో చేప లేదు. ఆ బురద బిగిసి రాయి యైన పిమ్మట, తూర్పునుండి పడమరకు భూపటలము నెట్టుకొని రాగా, పొరలన్నియు నెట్టిన చాపవలె ముడుతలు పడినవి. ఆ ఒత్తిడిలో బంకమట్టి కణములు సన్నని అభ్రకపు రేకులుగా మారి, ఒత్తిడికి అడ్డముగా ఒకే తీరున నిలిచినవి. ఆ రేకుల వెంబడి రాయి విస్తరాకుల దొంతరవలె విడివడును. కావున పనివాడు ఉలి పెట్టి చీల్చునది పర్వతములు పుట్టినప్పటి ఒత్తిడి ఏర్పరచిన జాడ వెంబడి. కొన్ని పలకలపై ఏటవాలుగా కనబడు రంగుచారలు తొలి బురదపొరల గుర్తులు.

ఇది ఎంతకాలము క్రిందటి మాట? గిద్దలూరునుండి నంద్యాల పోవు రైలుమార్గమున, చెలమ వద్ద ఇందుకు సాక్ష్యము దొరకినది. అచట లాంప్రాయిటు అను అగ్నిశిల మిక్కిలి లోతునుండి పైకి వచ్చి, నల్లమల శిలలను చీల్చుకొని గోడవలె నిలిచినది. దాని అభ్రకమందలి పొటాసియము ఎంతమేరకు ఆర్గాను వాయువుగా మారినదో కొలిచి, వయస్సు సుమారు 142 కోట్ల సంవత్సరములని 1999లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. హట్టను తర్కమే ఇచటను వర్తించును: చీల్చినది అంతటిదైనచో, చీలినది దానికంటె ముసలిది.

పలకకు తోడైన బలపపు రాయికి పుట్టుక వేఱు. కడప, అనంతపురము ప్రాంతములలో మెగ్నీషియము గల సున్నపురాళ్ళ నడుమకు శిలాద్రవము ప్రాకగా, ఆ వేడికి అంచులందలి రాయి మారి కొన్నిచోట్ల బలపపు రాయి, పులివెందుల వద్ద రాతినార ఏర్పడినవి. ఆ పులివెందుల అగ్నిశిల వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరములు. ఒత్తిడి పలకను చేసినది. వేడి బలపమును చేసినది.

ఈ చరిత్ర గతించిపోయినది కాదు. గట్టి క్వార్ట్‌జైటు కొండలుగా నిలువగా, మెత్తని పలకరాయి అరిగి లోయలైనది. అట్టి కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేయుటచేతనే కంభం చెరువు వెలసినది. విజయనగర కాలమున వరదరాజమ్మ కట్టించినదని ప్రతీతి. అయితే పలకరాతి కణములు దట్టముగా బిగిసియుండుటచే నీరు ఇంకుటకు చోటు లేదు. పగుళ్ళలో దొరకినదే నీరు. కృష్ణాజలమును తెచ్చుటకు వెలిగొండ పథకమున నల్లమలను సుమారు 19 కిలోమీటర్ల పొడవున తొలువవలసి వచ్చినది ఈ సీమ దాహము తీర్చుటకే.

కాగితపు పుస్తకములు, ప్లాస్టిక్ పలకలు వచ్చిన పిదప బడిపలకకు గిరాకి తగ్గినది. ఆ రాయి నేడు గచ్చులకు, గోడలకు బిళ్ళలై దేశాంతరములకును పోవుచున్నది. కాని యంత్రముతో పొడిగా కోసినప్పుడు లేచు ధూళిలో సన్నని స్ఫటికపు రేణువులుండును. అవి ఊపిరితిత్తులలో చేరినచో తిరిగి బాగుపడని వ్యాధి కలుగును. మధ్యప్రదేశమునందలి మందసౌరులో రాతిబలపములు కోసిన కార్మికుల గతి వైద్యపత్రికలకెక్కినది. నీరు చల్లుచు కోయుట, ధూళిని యంత్రముతో లాగివేయుట కష్టమైన పనులు కావు. కోట్లాది సంవత్సరములు పట్టి తయారైన రాయి, దానిని మలచువాని ఆయువును తగ్గింపకుండ చూచుకొనుట మన బాధ్యత.