ముద్ర ఒకరిది, పాఠం ఇంకొకరిది

మొన్న ఆదివారం పొద్దున్నే మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, వీకెండ్ ఎమ్మెస్ ఒకటి ఉంది, డేటా సైన్సు. అంతా ఆన్‌లైనే. సర్టిఫికెట్ మాత్రం యూనివర్సిటీదే ఇస్తారట. మూడు లక్షలు, ఈఎమ్ఐ కూడా ఉంది. చేరిపోనా?" అన్నాడు. పాఠం చెప్పేదెవర్రా అంటే ఒక కంపెనీ పేరు చెప్పాడు. పరీక్ష పెట్టేదెవరు అంటే "యూనివర్సిటీయే అనుకుంటా" అన్నాడు. నిన్ను చేర్చుకోవాలో వద్దో తేల్చేదెవరు అంటే కాసేపు ఆగి, "డబ్బు కడతానంటే ఎవరైనా వద్దంటారా అన్నయ్యా?" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ, ఫోన్ పెట్టేశాక ఆలోచనలో పడ్డాను. అవే ప్రశ్నలు నా డిగ్రీ గురించి నన్నెవరైనా అడిగితే? నా పట్టా మీద పేరున్న యూనివర్సిటీకి నేను వెళ్ళింది జీవితంలో ఒకే ఒక్కసారి, ఒరిజినల్ డిగ్రీ తెచ్చుకోడానికి. అదీ కౌంటర్ కిటికీ దాకానే. నాలుగేళ్ళు నాకు పాఠం చెప్పినవాళ్ళకీ, ఆ పట్టా మీద సంతకం చేసినాయనకీ ముఖపరిచయం కూడా లేదు. (ఏ యూనివర్సిటీయో చెప్పను. మీలో సగం మందిది అదే అయ్యుంటుంది :) ) అసలీ ఏర్పాటు ఎవరు కనిపెట్టారబ్బా అని పుస్తకాలు తిరగేస్తూ పోతే లండన్‌లో తేలాను.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో డిగ్రీ కావాలంటే ఆక్స్‌ఫర్డ్, లేకపోతే కేంబ్రిడ్జి. రెండూ ఆంగ్లికన్ చర్చి గుప్పిట్లో ఉండేవి. చర్చి సూత్రాలకి ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. ఆక్స్‌ఫర్డ్‌లో చేరేటప్పుడే పెట్టాలి, కేంబ్రిడ్జిలో డిగ్రీ పుచ్చుకునేటప్పుడు. అంటే కాథలిక్కులకీ, యూదులకీ, చర్చితో విభేదించిన ప్రొటెస్టెంట్లకీ డిగ్రీ లేదు. ఇది నచ్చనివాళ్ళు 1826లో లండన్‌లోని గోవర్ స్ట్రీట్‌లో మతంతో సంబంధం లేని కాలేజీ ఒకటి పెట్టి దానికి 'లండన్ యూనివర్సిటీ' అని పేరు పెట్టుకున్నారు. దేవుడు లేని చదువేంటని మండిపడ్డ చర్చివాళ్ళు 1829లో పోటీగా కింగ్స్ కాలేజీ పెట్టారు. ఇప్పుడు డిగ్రీలిచ్చే హక్కు ఎవరికివ్వాలి? ఒకరికిస్తే ఇంకొకరు ఊరుకోరు.

ప్రభుత్వం ఏం చేసిందంటే, ఇద్దరికీ ఇవ్వలేదు. 1836 నవంబరు 28న మూడో సంస్థని పుట్టించింది. దాని పేరు యూనివర్సిటీ ఆఫ్ లండన్. గోవర్ స్ట్రీట్ వాళ్ళు తమ పేరు వదులుకుని యూనివర్సిటీ కాలేజీ అయ్యారు. కొత్త యూనివర్సిటీకి క్లాస్‌రూములు లేవు, విద్యార్థులు లేరు. సోమర్‌సెట్ హౌస్ అనే ప్రభుత్వ భవనంలో కొన్ని గదులు ఇచ్చారంతే. రెండు కాలేజీలూ ఎవరి పాఠాలు వాళ్ళు చెప్పుకుంటాయి, ఇది పరీక్ష పెట్టి డిగ్రీ ఇస్తుంది. మన భాషలో చెప్పాలంటే డెవలప్‌మెంట్ ఇద్దరు వెండర్లది, టెస్టింగూ సైనాఫూ మూడో పార్టీది. సెనేట్‌లో మైఖేల్ ఫారడే లాంటివాళ్ళు ఉన్నారు కాబట్టి టెస్టింగ్ టీము గట్టిదే.

గమనించండి, ఇదేమీ గొప్ప విద్యా సిద్ధాంతం కాదు. ఇద్దరి కొట్లాట తీర్చడానికి చేసిన పంచాయితీ. మన ప్రాజెక్టుల్లో రాత్రికి రాత్రి ఒక వర్కరౌండ్ పెట్టి, తర్వాత తీరిగ్గా సరిచేద్దాంలే అనుకుంటాం చూడండి, అలాంటిది.

ఆ వర్కరౌండ్ కష్టాలు త్వరలోనే బయటపడ్డాయి. ఇతర కాలేజీలు కూడా వచ్చి అనుబంధం కట్టించుకున్నాయి. ఫలానా కుర్రాడు మా దగ్గర చదివాడని కాలేజీ కాగితం ఇస్తే యూనివర్సిటీ నమ్మాలి. ఆ కాలేజీకి వెళ్ళి తనిఖీ చేసే అధికారం దానికి లేదు. చివరికి 1858లో అసలు కాలేజీ కాగితమే అక్కర్లేదని తేల్చేశారు. ఎక్కడ చదివినా, ఇంట్లో కూర్చుని చదువుకున్నా సరే, వచ్చి పరీక్ష రాయండి అన్నారు. 1865కల్లా మారిషస్‌లో కూడా పరీక్ష పెట్టారు. నాకైతే ఇది నిజాయితీ గల పని అనిపిస్తుంది. మేం చూడలేని దానికి మేం పూచీ పడం, మా పేపరుకి మాత్రమే మా పూచీ అని చెప్పినట్టు కదా.

కానీ అప్పటికే మనవాళ్ళు (అంటే మనల్ని ఏలుతున్నవాళ్ళు) కాపీ కొట్టేశారు. 1854లో ఛార్లెస్ వుడ్ పంపిన విద్యా నివేదికలో, ఇండియాలో యూనివర్సిటీలు లండన్ నమూనాలో పెట్టమని ఉంది. 1857లో, ఒకవైపు సిపాయిలు తిరగబడుతున్న ఏడాదిలోనే, మూడు యూనివర్సిటీలు వచ్చాయి: జనవరిలో కలకత్తా, జులైలో బొంబాయి, సెప్టెంబరులో మద్రాసు. ఒక్కదానికీ క్లాస్‌రూము లేదు. పాఠం చెప్పేది కాలేజీలు. కారణం ఊహించడం కష్టం కాదు, ఇదే అన్నిటికంటే చవక. మద్రాసు యూనివర్సిటీకంటూ ఒక ఘనమైన భవనం వచ్చింది 1879లో, చీజమ్ కట్టిన సెనేట్ హౌస్. మెరీనా ఎదురుగా ఇప్పటికీ ఉంది, చెన్నై వెళ్తే చూడండి. పాఠాలు చెప్పుకునే గదులు కావవి, పరీక్షలకీ సభలకీ కట్టిన పెద్ద హాలు.

కలకత్తాలో మొదటి బీఏ పరీక్ష 1858లో జరిగింది. నెగ్గినవాళ్ళు ఇద్దరే, బంకించంద్ర ఛటర్జీ, జదునాథ్ బోస్. వాళ్ళు కూడా ఆరు సబ్జెక్టుల్లో ఐదింట గట్టెక్కి ఆరోదాంట్లో ఏడు మార్కుల లోపు తగ్గితే, గ్రేస్ మార్కులు కలిపి పాస్ చేశారు. అవును, మీరు చదివింది నిజమే. మన అఫిలియేషన్ వ్యవస్థలో మొట్టమొదటి గ్రాడ్యుయేటు, వందేమాతరం రాసినాయన, గ్రేస్ మార్కులతో పాసయ్యాడు. ఎం-త్రీ సప్లీలు రాసిన నా మిత్రులందరికీ ఇది అంకితం.

మన ప్రాంతంలో ఈ ఏర్పాటు ఎంత దూరం వెళ్ళిందంటే, నిజాం రాజ్యంలో 1887లో పెట్టిన నిజాం కాలేజీ కూడా మద్రాసు యూనివర్సిటీకే అనుబంధం. ఇంకో ప్రభుత్వం కింద ఉన్న ఊరు, అయినా సిలబస్సూ పేపరూ మద్రాసువి. 1918లో అదే ఊళ్ళో ఉస్మానియా మొదలైంది. అది లండన్ దారిలో పోలేదు, సొంతంగా పాఠం చెప్పే యూనివర్సిటీగా, ఉర్దూ మాధ్యమంలో, పాఠ్యపుస్తకాల కోసం ప్రత్యేకంగా అనువాద శాఖ పెట్టుకుని మొదలైంది. (తెలుగువాళ్ళు ఎక్కువున్న రాజ్యంలో ఉర్దూ ఏంటనేది వేరే గొడవ. దాని గురించి ఇంకోసారి.) అయినా నిజాం కాలేజీ 1947 దాకా మద్రాసుతోనే ఉండిపోయింది. ఒకే ఊళ్ళో ఒకవైపు తన పాఠం తనే చెప్పి తన పట్టా తనే ఇచ్చే యూనివర్సిటీ, ఇంకోవైపు ఎక్కడో ఉన్న ముద్ర కోసం పాఠం చెప్పే కాలేజీ, ఇరవై తొమ్మిదేళ్ళపాటు.

ఇంతకీ అసలు విడ్డూరం ఏంటంటే, మనం కాపీ కొట్టిన వెర్షన్‌ని లండన్ వాళ్ళే డిప్రికేట్ చేశారు. పరీక్షలు మాత్రమే పెట్టే యూనివర్సిటీ ఏం యూనివర్సిటీ అని అక్కడ ఏళ్ళ తరబడి గొడవ జరిగి, 1898లో చట్టం తెచ్చి, 1900కల్లా దాన్ని బోధించే యూనివర్సిటీగా మార్చుకున్నారు. బయటి విద్యార్థులకి పరీక్షలు కొనసాగాయి గానీ అది పక్క తలుపు అయింది. ఇక్కడ కర్జన్ 1902లో కమిషన్ వేసి, 1904లో చట్టం తెచ్చాడు. యూనివర్సిటీలకి బోధించే అధికారం, కాలేజీల్ని తనిఖీ చేసే అధికారం వచ్చాయి. గోఖలే లాంటివాళ్ళు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు, ఇది చదువు బాగుచెయ్యడానికి కాదు, యూనివర్సిటీల్ని సర్కారు గుప్పిట్లో పెట్టుకోడానికని. ఇద్దరి మాటలోనూ నిజం ఉందని నా అభిప్రాయం. కలకత్తాలో ఆశుతోష్ ముఖర్జీ అదే చట్టాన్ని వాడుకుని పీజీ విభాగాలు కట్టి సి.వి.రామన్‌నీ, రాధాకృష్ణన్‌నీ తెచ్చుకున్నాడు. 1917లో వేసిన శాడ్లర్ కమిషన్ మళ్ళీ అదే మాట చెప్పింది, పాఠం చెప్పేవాళ్ళే పరీక్ష కూడా పెట్టుకునే యూనివర్సిటీలు కావాలని. కొన్ని వచ్చాయి. కానీ డిగ్రీ కాలేజీల వ్యవస్థ మాత్రం కదల్లేదు. ప్రొడక్షన్‌లో నడుస్తున్న లెగసీ సిస్టమ్‌ని ఎవడు కదిలిస్తాడు?

ఆ తర్వాత మనదాకా దూకుతాను. 1972లో అనంతపురం, కాకినాడ, హైదరాబాదు ఇంజనీరింగు కాలేజీలని కలిపి జేఎన్‌టీయూ పెట్టినప్పుడు దానికి సొంత కాలేజీలు ఉన్నాయి, సొంత మేష్టర్లు ఉన్నారు. తొంభైల తర్వాత ప్రైవేటు కాలేజీల వరదొచ్చింది. 2008లో దాన్ని విడగొట్టాల్సొచ్చే నాటికి అనుబంధ కాలేజీలు వందల్లో ఉన్నాయి. 1904 చట్టం ఇచ్చిన తనిఖీ అనే ఆయుధం ఈ రోజుల్లో ఎలా పనిచేస్తుందో నేను కళ్ళారా చూశాను, ఊరూ పేరూ లేకుండా చెప్తాను. ఒకరోజు మా ల్యాబ్‌లో హఠాత్తుగా ముప్ఫై కంప్యూటర్లు మొలిచాయి. అదే యాజమాన్యానికి పక్క ఊళ్ళో ఉన్న కాలేజీ నుంచి రాత్రి లారీలో తెచ్చారు. స్టాఫ్‌రూములో ఎప్పుడూ చూడని మొహాలు, మెడలో కొత్త ట్యాగులు. ఫలానాయన మీ హెచ్ఓడీ, పేరు గుర్తు పెట్టుకోండి అని మాకు క్లాసులో చెప్పారు. తనిఖీకొచ్చినాయన మా వెనక బెంచీ వాణ్ణి లేపి హెచ్ఓడీ ఎవరు బాబూ అనడిగితే వాడు కంగారులో నిజం హెచ్ఓడీ పేరు చెప్పేశాడు. ఆయన నవ్వి కూర్చోమన్నాడు. అనుమతి వచ్చింది. సాయంత్రానికి కంప్యూటర్లు మళ్ళీ లారీ ఎక్కాయి.

అప్పుడు మేమూ నవ్వుకున్నాం. ఇప్పుడు ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చుని, నాలుగేళ్ళు చదివి పాయింటర్ అంటే తెల్లమొహం వేసే కుర్రాళ్ళని చూస్తుంటే నవ్వు రావట్లేదు. వాడి తప్పెంత, ఆ లారీది ఎంత?

కాలేజీ దాకా అయినా నయం, ఓ భవనం ఉంటుంది. 2002లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఒక చట్టం చేసి గెజిట్ నోటిఫికేషన్లతో 112 ప్రైవేటు యూనివర్సిటీలని పుట్టించింది. చాలావాటికి క్యాంపస్ అనేదే లేదు, కానీ రాష్ట్రం బయట సెంటర్లు పెట్టుకునే వీలుంది. యూజీసీ మాజీ ఛైర్మన్, శాస్త్రవేత్త యశ్‌పాల్ సుప్రీంకోర్టుకెళ్తే 2005 ఫిబ్రవరిలో కోర్టు వాటిని కొట్టేసింది. చేరిపోయిన పిల్లల సంగతేంటి? వాళ్ళు నష్టపోకుండా ఆ సంస్థల్ని ఉన్న యూనివర్సిటీలకి అనుబంధం చేసే ఏర్పాటు చూడమంది. మళ్ళీ అఫిలియేషనే దిక్కు! 2017 నవంబరులో ఇంకో తీర్పు వచ్చింది. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు ఏఐసీటీఈ అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగు డిగ్రీలిచ్చాయి. 2001 నుంచి 2005 దాకా చేరినవాళ్ళు ఏఐసీటీఈ పరీక్ష పాసైతేనే ఆ డిగ్రీ చెల్లుతుందనీ, ఆ తర్వాత చేరినవాళ్ళ డిగ్రీలు రద్దనీ కోర్టు చెప్పింది. పన్నెండేళ్ళుగా ఆ డిగ్రీ చూపించి ఉద్యోగం చేసుకుంటున్నవాడి పరిస్థితి ఊహించుకోండి. స్టడీ సెంటరు ఎప్పుడో మూతపడి ఉంటుంది, పట్టా ఇచ్చిన సంస్థకి ఇతని మొహం తెలీదు.

అమెరికాలో ఇదే కథ ఇస్త్రీ చొక్కా వేసుకుని నడిచింది. 2008లో పుట్టిన టూయూ అనే కంపెనీ పెద్ద పెద్ద యూనివర్సిటీల ఆన్‌లైన్ మాస్టర్స్ నడిపింది. మొదటి భాగస్వామి సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ. విద్యార్థి కట్టే ఫీజులో సుమారు 60 శాతం కంపెనీది. నిజానికి అక్కడ, చేర్పించిన తలకింత అని కమీషనివ్వడం 1992 నుంచి నిషేధం. కానీ మార్కెటింగ్‌తో పాటు టెక్నాలజీ వగైరా సేవలన్నీ మూటగట్టి ఇస్తే ఫీజులో వాటా పుచ్చుకోవచ్చని 2011లో విద్యాశాఖ వెసులుబాటిచ్చింది. ఇక్కడ పాఠం యూనివర్సిటీదే, అడ్మిషన్ నిర్ణయం కూడా కాగితం మీద యూనివర్సిటీదే. బయటికిచ్చింది గుమ్మం. విద్యార్థుల్ని వెతికి, ఫోన్లు చేసి, ఒప్పించి తెచ్చేది కంపెనీ. వాటా ఫీజులో ఉన్నప్పుడు ఎవరికి ఫోన్ చెయ్యకూడదో దానికెందుకు? 2021లో హార్వర్డ్, ఎమ్ఐటీల నుంచి ఎడెక్స్‌ని 80 కోట్ల డాలర్లకి కొన్న ఆ కంపెనీ, 2024 జులైలో దివాలా కోర్టుకెళ్ళింది. సదరన్ కాలిఫోర్నియా అంతకుముందు ఏడాదే తెగదెంపులకి సిద్ధపడింది.

బయటివాళ్ళతో కలిస్తే ఎప్పుడూ ఇంతేనా అంటే కాదు. మనలో చాలామందికి తెలిసిన జార్జియా టెక్ ఆన్‌లైన్ ఎమ్మెస్సే ఉంది. 2014 జనవరిలో యుడాసిటీ ప్లాట్‌ఫాం మీద, ఏటీఅండ్‌టీ ఇచ్చిన 20 లక్షల డాలర్లతో, మొత్తం డిగ్రీ సుమారు 7,000 డాలర్లకే మొదలుపెట్టారు. వీడియోలూ వేదికా బయటివాళ్ళవి. ఎవర్ని చేర్చుకోవాలి, ఏం చెప్పాలి, ఎవర్ని ఫెయిల్ చెయ్యాలి అన్నవి కాలేజీవాళ్ళు తమ దగ్గరే ఉంచుకున్నారు. నా టీములో ఒకతను చేస్తున్నాడు, రెండు కోర్సులు మధ్యలో వదిలేసి మళ్ళీ తీసుకున్నాడు, శనివారాలు సినిమాకి పిలిస్తే తిడతాడు.

మన దగ్గర 2022 జనవరిలో యూజీసీ, ఏఐసీటీఈ కలిసి హెచ్చరించాయి, ఎడ్‌టెక్ కంపెనీలతో ఫ్రాంచైజీ పద్ధతిలో డిగ్రీ కోర్సులు నడిపితే ఒప్పుకోమని. వేదిక ఇవ్వొచ్చు, చదువు మాత్రం యూనివర్సిటీయే నడపాలని దాని సారాంశం. సరే, వినేదెంతమందో.

ఇదంతా మా వాడికి ఫోన్లో అరగంట చెప్పాను. "లండన్ ఎందుకన్నయ్యా మధ్యలో" అన్నాడు. సరేరా, ఒక మెయిల్ పెట్టు చాలు అని మూడు ప్రశ్నలు రాయించాను. పేపరు ఎవరు సెట్ చేస్తారు, ఎవరు దిద్దుతారు? కిందటేడు ఎంతమంది దరఖాస్తు పెడితే ఎంతమందిని వద్దన్నారు? మీ రెండు సంస్థల ఒప్పందం మధ్యలో తెగిపోతే నా డిగ్రీ ఎవరు పూర్తి చేయిస్తారు?

మర్నాడే జవాబొచ్చిందట, నాకు ఫార్వర్డ్ చేశాడు. మీ ఆసక్తికి ధన్యవాదాలు, శుక్రవారం లోపు సీటు ఖాయం చేసుకుంటే ముప్ఫై వేలు తగ్గింపు, అని ఉంది.