విండోస్ 10 ఇంకా వాడుతున్నారా? కంప్యూటర్ మార్చక్కర్లేదు.. కానీ ముందు ఇవి చూసుకోండి!

పొద్దున్నే స్విచ్ వేస్తే కంప్యూటర్ ఎప్పటిలాగే ఆన్ అవుతోంది. టైపింగ్ అవుతోంది, ప్రింట్ వస్తోంది, యూట్యూబ్ ఆడుతోంది. ఏ తేడా లేదు. అందుకే చాలామంది ఈ విషయాన్ని పట్టించుకోవడం లేదు. కానీ 2015 జులై 29న వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. కిరాణా కొట్టు బిల్లింగ్ నుంచి జిరాక్స్ సెంటర్ వరకు ఇప్పటికీ అదే ఓఎస్ మీద నడుస్తున్న కంప్యూటర్లు ఎన్నో. మరి వాటిని ఏం చేయాలి? కొత్తది కొనాలా? విండోస్ 11 వేయొచ్చా? ఉచితంగా దొరికే లైనక్స్ మనకు సరిపోతుందా?

సపోర్ట్ ఆగితే కొంపలేం మునుగుతాయి?

ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తుంది. ఓఎస్‌లో బయటపడిన లోపాలను మూసేసే ప్యాచ్‌లే ఇవి. విండోస్ 10, 11 రెండింటిలోనూ చాలా భాగం ఒకటే కోడ్. విండోస్ 11కి ఒక ప్యాచ్ వచ్చిందంటే, దాన్ని విప్పి చూసిన హ్యాకర్లకు లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది. అదే లోపం విండోస్ 10లోనూ ఉంటే, అక్కడ అది తెరిచిన తలుపులా ఉండిపోతుంది.

2017 మేలో వచ్చిన వానాక్రై గుర్తుందా? ఫైళ్లన్నీ తాళం వేసేసి బిట్‌కాయిన్లు అడిగిన వైరస్. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆస్పత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీస్ స్టేషన్ల కంప్యూటర్లకూ అది సోకినట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ లోపానికి ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చేసింది. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ విండోస్ 7 మెషీన్లే. అప్పటికి వాటికి సపోర్ట్ ఉంది. అప్‌డేట్ వేసుకోలేదు, అంతే. ప్యాచ్ వచ్చినా వేసుకోనివారి పరిస్థితే అలా ఉంటే, ప్యాచే రాని ఓఎస్ సంగతి వేరే చెప్పాలా?

'నా దగ్గర యాంటీవైరస్ ఉందిగా' అనేది అందరూ చెప్పే మాట. విండోస్ 10లోని డిఫెండర్‌కు వైరస్ జాబితాలు 2028 అక్టోబర్ వరకు వస్తాయి, నిజమే. కానీ అది లోపలికొచ్చిన దొంగను గుర్తుపట్టే కాపలాదారు. విరిగిన తలుపును అది బాగుచేయదు.

ముందు మీ మెషీన్ ఏంటో చూడండి

సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆ తర్వాత అబౌట్‌లోకి వెళ్తే ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంతో కనిపిస్తాయి. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, సెక్యూర్ బూట్ సదుపాయం, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. ప్రాసెసర్ దాదాపుగా ఇంటెల్ 8వ తరం లేదా ఏఎండీ రైజెన్ 2000 సిరీస్ నుంచి పైకి ఉండాలి. ఐ5-8250 అని ఉంటే 8వ తరం, ఐ5-10210 అంటే 10వ తరం, ఐ5-4460 అంటే 4వ తరం అన్నమాట. మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే చిన్న యాప్ వేసుకుంటే మీ కంప్యూటర్‌కు విండోస్ 11 పడుతుందో లేదో అదే చెప్పేస్తుంది.

ఆ యాప్ 'కుదరదు' అనగానే ఆశ వదిలేయకండి. చాలా కంప్యూటర్లలో, ముఖ్యంగా లోకల్ షాపుల్లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్‌లలో టీపీఎం ఉంటుంది కానీ బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో దాన్ని పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని పిలుస్తారు. దాన్ని ఆన్ చేస్తే కొన్నిసార్లు సమస్య అక్కడితో తీరిపోతుంది. పైసా ఖర్చు లేదు. కొత్త సీపీయూ కొనాల్సిందేనని షాపులో చెప్పారంటే, డబ్బు తీసేముందు ఇది ఒకసారి అడగండి.

ఇక్కడో మెలిక ఉంది. పాత పద్ధతిలో, అంటే లెగసీ బయోస్‌లో విండోస్ వేసి ఉంటే, బయోస్‌ను నేరుగా యూఈఎఫ్ఐకి మార్చేస్తే కంప్యూటర్ ఆన్ అయినా విండోస్ లోడ్ అవ్వదు. ముందు డిస్క్‌ను ఎంబీఆర్ నుంచి జీపీటీకి మార్చాలి. దానికి విండోస్‌లోనే టూల్ ఉంది. అనుభవం లేకపోతే ఈ ఒక్క పనికి తెలిసినవాళ్లను పిలవడం మంచిది.

విండోస్ 11 పడితే.. ఇక ఆలోచించక్కర్లేదు

జెన్యూన్ విండోస్ 10 ఉన్న, అర్హత గల కంప్యూటర్‌కు విండోస్ 11 ఉచితం. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ నుంచే వేసుకోవచ్చు. ఫైళ్లు, సాఫ్ట్‌వేర్లు అలాగే ఉంటాయి. 4 జీబీ ర్యామ్ కనీసం అని రాసి ఉంది కానీ, దాని మీద విండోస్ 11 నత్తనడకే. 8 జీబీ ఉంటే నయం. ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయించండి. పాత కంప్యూటర్‌కు ప్రాణం పోసేది ఏదైనా ఉందంటే అదే.

అర్హత లేని కంప్యూటర్‌లో కూడా విండోస్ 11 ఎలా వేయాలో చూపించే వీడియోలు యూట్యూబ్‌లో కుప్పలుగా ఉన్నాయి. వేస్తే పడుతుంది కూడా. కానీ అలాంటి మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. అప్‌డేట్ల కోసమే ఇంత తంటా పడుతూ, అవి వస్తాయో రావో తెలియని దారిలో వెళ్లడంలో అర్థం లేదు.

టైమ్ కావాలా? ఈఎస్‌యూ ఉంది

ఇంట్లో వాడే విండోస్ 10 కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ పేరుతో 2026 అక్టోబర్ 13 వరకు గడువు ప్రకటించింది. 22హెచ్2 వెర్షన్ ఉండాలి. 30 డాలర్లు కట్టవచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్‌ను క్లౌడ్‌కు సింక్ చేస్తే ఉచితం. అంటే డబ్బు కట్టకుండానే పని అయిపోతుందన్నమాట. ఒక లైసెన్స్ 10 కంప్యూటర్ల వరకు పనిచేస్తుంది. కొత్త ఫీచర్లు మాత్రం రావు.

ఇది పరిష్కారం అనుకోవద్దు, వాయిదా మాత్రమే. కానీ కొందరికి ఆ వాయిదానే ముఖ్యం. ఉదాహరణకు డీటీపీ సెంటర్లు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో ఏళ్ల తరబడి చేసిన పెళ్లి కార్డులు, కరపత్రాలు, పుస్తకాలు ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే తెలుగు అక్షరాలకు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. అవి యూనికోడ్ కావు మరి. ఇలాంటివారు ఈ గడువులోపు ముఖ్యమైన ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, కనీసం పీడీఎఫ్‌లుగా అయినా దాచుకోవాలి.

లైనక్స్ ఎవరికి.. ఎవరికి వద్దు?

మీ కంప్యూటర్ పని అంతా బ్రౌజర్‌లోనే అయితే, అంటే మెయిల్, వీడియోలు, ఆన్‌లైన్ క్లాసులు, అప్లికేషన్లు నింపడం, కాస్త టైపింగ్.. లైనక్స్ మింట్ హాయిగా సరిపోతుంది. ఉచితం, చూడ్డానికి విండోస్‌లాగే ఉంటుంది. మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి. 2 జీబీ ర్యామ్‌తో కూడా నడుస్తుందంటారు, 4 జీబీ ఉంటే ఇబ్బంది ఉండదు. ర్యామ్ తక్కువుంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోవాలి. ఆఫీస్ పనులకు లిబ్రేఆఫీస్ అందులోనే వస్తుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకుంటే చాలు, విడిగా ఏదీ కొనక్కర్లేదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే మెనూలు ఉండే లైనక్స్‌ను కూడా తయారు చేసింది.

లైనక్స్ అంటే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకే అనే భయం అక్కర్లేదు. పక్కనే కేరళలో ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్ల నుంచి దాని మీదే పాఠాలు నేర్చుకుంటున్నారు.

కానీ టాలీ వాడే కొట్టువాళ్లు, జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ ఫైలింగ్‌కు డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ పెట్టేవాళ్లు, ఫొటోషాప్ మీద బతికే స్టూడియోలు తొందరపడొద్దు. టాలీ, ఫొటోషాప్ లైనక్స్ కోసం తయారైనవి కావు. డాంగిల్‌కు, వేలిముద్ర మెషీన్‌కు లైనక్స్ డ్రైవర్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి. మార్చి చివర్లో రిటర్న్ వేయాల్సిన రోజు కనుక్కుంటే లాభం లేదు.

దీన్ని ముందే పరీక్షించుకునే దారి ఉంది. మింట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాంతోనే కంప్యూటర్ ఆన్ చేయొచ్చు. హార్డ్ డిస్క్‌ను ముట్టుకోకుండా మొత్తం ఓఎస్ నడుస్తుంది. వైఫై వస్తోందా, సౌండ్ వస్తోందా, ప్రింటర్ కదులుతోందా.. ఒకటి రెండు రోజులు వాడి చూడండి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేయడమే.

ఇన్‌స్టాల్ చేసేముందు.. 'డి డ్రైవ్‌లో ఉన్నాయిలే' అనుకోవద్దు!

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. సి డ్రైవ్ ఒక్కటే పోతుంది, ఫొటోలు డి డ్రైవ్‌లో భద్రం అని మన దగ్గర ఒక నమ్మకం. రెండూ సాధారణంగా ఒకే హార్డ్ డిస్క్‌కు వేసిన గీతలు. మింట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'ఎరేజ్ డిస్క్' అనే ఆప్షన్ నొక్కితే సి, డి, ఈ అన్నీ ఒకేసారి పోతాయి. పిల్లల ఫొటోలు, భూమి కాగితాల స్కాన్లు, టాలీ డేటా.. అన్నీ. అందుకే బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, వీలైతే ఇంకో కంప్యూటర్‌లో పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూసుకోవాలి. ఆ డిస్క్‌ను కంప్యూటర్ నుంచి తీసేసిన తర్వాతే ఇన్‌స్టాల్ మొదలుపెట్టాలి.

రెండోది బిట్‌లాకర్. చాలా ల్యాప్‌టాప్‌లలో, విండోస్ 11 24హెచ్2 కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన కంప్యూటర్లలో, డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. ల్యాప్‌టాప్ పోతే దొంగ ఫైళ్లు చూడలేడు, మంచిదే. కానీ బయోస్ సెట్టింగ్ మార్చినా 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. షాపువాళ్లు వాళ్ల మెయిల్ ఐడీతో సెటప్ చేసి ఇచ్చారా? అయితే ఆ కీ వాళ్ల దగ్గర ఉన్నట్టు. ఇవాళే మీ సొంత అకౌంట్‌లోకి మార్చుకుని, కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

డౌన్‌లోడ్ అధికారిక సైట్ల నుంచే చేయాలి. అక్కడ కూడా ఓ జాగ్రత్త. 2016 ఫిబ్రవరిలో లైనక్స్ మింట్ సొంత వెబ్‌సైట్‌నే హ్యాక్ చేసి, రహస్య ద్వారం ఉన్న నకిలీ ఫైల్‌కు లింక్ మార్చేశారు. ఒక్క రోజులోనే బయటపడింది కానీ, ఆ రోజు డౌన్‌లోడ్ చేసినవాళ్లు మోసపోయారు. అందుకే ఫైల్‌తో పాటు ఇచ్చే ఎస్‌హెచ్‌ఏ-256 నంబర్ సరిపోతుందో లేదో చూడమంటారు. విండోస్‌లో ఉండే సర్ట్‌యుటిల్ టూల్ నిమిషంలో లెక్కకట్టి చెప్తుంది.

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. అందులో ఉన్నదంతా పోతుందని గుర్తుంచుకోండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ బ్యాటరీ పనిచేస్తోందో లేదో చూడండి. మధ్యలో కరెంట్ పోతే పని మొదటికొస్తుంది. ఫోన్ ఫుల్ చార్జ్‌లో పెట్టుకోండి. కంప్యూటర్ ఆగినప్పుడు దారి వెతుక్కోవడానికి చేతిలో ఉండేది అదొక్కటే.

'క్రాక్ వేసిస్తాం' అంటే..

తక్కువ డబ్బుకు విండోస్ వేసిస్తాం అంటే, అది ఎక్కువగా క్రాక్ చేసిందే. దాన్ని యాక్టివేట్ చేయడానికి డిఫెండర్‌ను ఆఫ్ చేసి ఒక టూల్ నడుపుతారు. కేఎంఎస్‌పికో పేరుతో తిరిగే నకిలీ ఇన్‌స్టాలర్లలో పాస్‌వర్డులు, క్రిప్టో వాలెట్లు దొంగిలించే క్రిప్ట్‌బాట్ ఉన్నట్టు 2021లో సెక్యూరిటీ నిపుణులు బయటపెట్టారు. అదే కంప్యూటర్‌లో బ్యాంక్ లాగిన్ చేస్తారు కదా! డబ్బు పెట్టలేకపోతే లైనక్సే మేలు.

వేశాక చేయాల్సినవి కొన్నే. అప్‌డేట్లు ఆటోమేటిక్‌లో పెట్టండి. విండోస్‌లో రోజువారీ వాడకానికి అడ్మిన్ అధికారం లేని మామూలు అకౌంట్ ఒకటి చేసుకోండి. పిల్లలు గేమ్ అనుకుని ఏదో నొక్కినా సిస్టమ్ మొత్తానికి అంత తేలిగ్గా చేటు రాదు. లైనక్స్‌కు వైరస్‌లే రావన్నది అపోహ. తక్కువ, అంతే. అక్కడా అప్‌డేట్లు కావాల్సిందే.

'మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబర్‌కు కాల్ చేయండి' అని స్క్రీన్ నిండా వస్తే నమ్మకండి. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఇవ్వదు. ఆ ఫోన్ చేస్తే ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి, స్క్రీన్ తమ చేతిలోకి తీసుకుంటారు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఇవన్నీ చూశాక పాత మెషీన్‌ను పాత సామాన్లవాడికి వేసేద్దాం అనిపించినా, హార్డ్ డిస్క్ మాత్రం తీసి దగ్గర పెట్టుకోండి. మామూలుగా ఫార్మాట్ కొట్టిన డిస్క్ నుంచి ఫైళ్లు తిరిగి తీసే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.